నాలుగుసార్లు లేచిన డబ్బా

“లేచింది,” అని లోపలి గదిలోంచి పెద్దావిడ గొంతు వినిపించింది.

నేను వీధి గుమ్మం ముందు ఉన్నాను. బెల్ నొక్కలేదు, తలుపు ముట్టుకోలేదు. చెప్పులు గేటు బయటే వదిలేసి వట్టి కాళ్ళతో మెట్టెక్కాను. తలుపు పైన బిగించిన చిన్న కెమెరా ఒక్కటే నన్ను చూసింది. గేటు దాకా వెనక్కి వెళ్ళి, కుండీల్లో మొక్కలు చూస్తున్నదానిలా కాసేపు నిలబడి, మళ్ళీ మెట్టెక్కాను.

“మళ్ళీ లేచింది.”

మూడోసారి గేటు కావాలనే ధడాలున వేశాను, మెట్టు మాత్రం ఎక్కలేదు. లోపలినుంచి ఉలుకూ పలుకూ లేదు. నాకు కావలసింది అదే. ఆవిడ నా అడుగులు వినడం లేదు, గేటు వినడం లేదు. తన మంచం పక్కనున్న డబ్బాని వింటోంది.

ఇది కళ్ళారా చూడమనే ఇన్‌స్పెక్టర్ని పిలిపించాను. ఆయన హాల్లో కుర్చీ అంచున కూర్చుని, ప్యాంటు మడత నలగకుండా టోపీ మోకాలి మీద పెట్టుకుని, మాటిమాటికీ గడియారం చూసుకుంటున్నాడు. నాకూ ఆయనకూ పడదు. బీమా కంపెనీ తరఫున ఇరవై ఏళ్ళు కాలిపోయిన గోడౌన్లలో బూడిద కెలికి, ఆ తర్వాత సొంతంగా డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్న ఆడమనిషికి ఆయన ఇచ్చే విలువ తన బూటుకి అంటిన మట్టికి ఇచ్చేదానికన్నా తక్కువ. మట్టినైతే కనీసం వంగి తుడుచుకుంటాడు.

“అయిందా మేడమ్, మీ దాగుడుమూతలు?” అన్నాడు నేను హాల్లోకి రాగానే.

“అయింది. పెద్దావిడ చెవులు సరిగ్గా పనిచేస్తున్నాయని మీరే సాక్షి.”

“చెవులు బాగుంటే డాక్టరుకి చెప్పండి, సంతోషిస్తాడు. కోర్టుకెందుకు?”

ఎందుకో ఆయనకీ తెలుసు. సోమవారం సాయంత్రం ఈ ఇంటి మేడ మీద, తన పనిగదిలో, ఇంటాయన చచ్చిపడి ఉన్నాడు. ఎవరో గట్టిగా తోస్తే వెనక్కి పడి, ఇనుప బల్ల మూల తలకి తగిలింది. ఆయన ఇంజినీరు. స్నేహితుడితో కలిసి ఒక చిన్న కంపెనీ నడిపేవాడు. ఇంట్లోవాళ్ళ ఫొటోలు, వీడియోలు, ముఖ్యమైన కాగితాలు అన్నీ ఒకేచోట దాచిపెట్టుకునే డబ్బాలు తయారుచేయడం వాళ్ళ పని. బూట్ల పెట్టె అంత ఉంటుంది. లోపల రెండు డిస్కులు తిరుగుతాయి. ఇంట్లో ఎవరు ఏ గదిలోంచి అడిగినా, దాచినది తీసి ఇస్తుంది. ఈ ఇంట్లో అయితే గుమ్మం కెమెరా తీసిన బొమ్మలు, అది విన్న మాటలు కూడా అందులోకే పోతాయి.

ఆ బొమ్మలే ఇప్పుడు ఒక మనిషి మెడకి చుట్టుకున్నాయి. సోమవారం మధ్యాహ్నం మూడు దాటాక ఇంజినీరు బావమరిది లోపలికి వెళ్ళడం వాటిలో ఉంది. నాలుగు కాకుండానే విసురుగా బయటికి పోవడం ఉంది. ఆ తర్వాత ఆరింటికి స్కూలు నుంచి భార్య రావడమే. మధ్యలో ఎవరూ లేరు. బావా బావమరుదులు గట్టిగా అరుచుకోవడం పక్కింటివాళ్ళు విన్నారు. బావ కంపెనీలో పని మానేస్తున్నానని చెప్పడానికి వెళ్ళాననీ, తిట్లు తిని వచ్చేశాననీ ఆ కుర్రాడు మొత్తుకుంటున్నాడు. రేపు ఉదయం అతన్ని హత్యానేరం కింద కోర్టులో నిలబెడతారు.

“సోమవారం ఆవిడ పడుకున్న వేళలో డబ్బా నాలుగుసార్లు లేచింది,” అన్నాను. “ఎవరో ఒకరు గుమ్మంలో నిలబడితేనే అది లేస్తుంది. బావమరిది వచ్చినప్పుడు ఒకటి, పోయినప్పుడు ఒకటి. మిగతా రెండూ ఎవరివి?”

“ఆ వేళలో డబ్బాలో రెండే ఉన్నాయి.”

“ఆవిడ నాలుగు విన్నది.”

“మేడమ్,” అని ఆయన మోకాలి మీది టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. “కన్నకొడుకు పోయిన మనిషి. రెండు కళ్ళకీ పొర కమ్మింది. అన్నిటికీ కోడలి మీదే ఆధారపడుతుంది. కోడలికేమో తమ్ముడు బయటపడాలి. ఆవిడ చేత నాలుగు అనిపించడం ఎంతసేపు?”

హాలు గుమ్మంలో నిలబడి ఉన్న భార్య ఆ మాట విన్నది. ఆమె స్కూల్లో లెక్కలు చెబుతుంది. నాలుగు రోజులుగా అదే చీరలో ఉంది, జుట్టు దువ్వుకున్న జాడ లేదు. కోపంతో అరుస్తుందనుకున్నాను. అరవలేదు.

“నా మొగుణ్ణి ఎవరో తీసుకుపోయారు,” అంది. “నా తమ్ముణ్ణి మీరు తీసుకుపోతున్నారు. మా అత్తయ్య చేత అబద్ధం చెప్పించేంత ఓపిక నాకెక్కడుంది సార్?”

ఇన్‌స్పెక్టర్ కళ్ళు దించుకున్నాడు. చెడ్డవాడు కాదాయన. తొందరపాటు మనిషి, అంతే. నాకు చెడ్డవాళ్ళతో పెద్ద ఇబ్బంది లేదు కానీ తొందరపాటువాళ్ళతోనే ప్రాణం విసుగెత్తిపోతుంది.

నేను లోపలి గదిలోకి వెళ్ళాను. ఇద్దరూ వెనకే వచ్చారు, ఇన్‌స్పెక్టర్ తన కుర్చీ కూడా తెచ్చుకున్నాడు. చిన్న గది. మంచం, దాని కాళ్ళ వైపు టీవీ, తలవైపు చేతికందేలా గోడకి ఒక చెక్క అర. అర మీద నల్లటి డబ్బా. దాని మీద ఒక్క దీపం కూడా వెలగడం లేదు. మొదటిసారి చూసినప్పుడు చెడిపోయిందేమో అనుకున్నాను. మామూలుగా ఇలాంటివాటి మీద వరసగా నాలుగైదు పచ్చ దీపాలు మిణుకుమంటూ ఉంటాయి.

“దీపాలు నేనే వద్దన్నాను తల్లీ,” అంది పెద్దావిడ, నా చూపు ఎటు ఉందో కనిపించకపోయినా. “ఈ కళ్ళకి ఇంకేమీ ఆనకపోయినా మిణుకు మిణుకుమనేది మాత్రం సూదిలా గుచ్చుకుంటుంది. ‘ఒరే, నేను పడుకుంటే దాన్నీ పడుకోమనరా’ అన్నాను. వాడు నిజంగానే పడుకోబెట్టాడు. దీపం ఉండదు, లోపల తిరిగేది ఆగిపోతుంది. ఎవరైనా వస్తే లేస్తుంది. మనిషి నిద్రలో ఒత్తిగిల్లినంత చప్పుడు, అంతే.”

“సోమవారం సంగతి మళ్ళీ చెప్పండి పెద్దమ్మా. ఇన్‌స్పెక్టర్ గారు వింటారు.”

“ఎన్నిసార్లు చెప్పను? లేచింది. పైన అరుపులు. మళ్ళీ లేచింది. వాడి బావమరిది వెళ్ళిపోయాడనుకున్నాను. మా వాడు పైన అటూ ఇటూ నడుస్తున్నాడు, అడుగులు వినపడుతున్నాయి. కోపమొస్తే అట్లాగే తిరుగుతాడు. కాసేపటికి మూడోసారి లేచింది. ఈసారి అరుపుల్లేవు. తర్వాత పైన ఏదో పడింది.” ఆవిడ దుప్పటి అంచు వేళ్ళకి చుట్టుకుంది. “వాడు ఎప్పుడూ ఏదో ఒకటి పడేస్తూనే ఉంటాడమ్మా. చిన్నప్పటి నుంచీ అంతే. పడేశాడులే అనుకున్నాను. నాలుగోసారి లేచింది. ఇక నిశ్శబ్దం. లేచి చూసి ఉండాల్సింది. లేవలేదు.”

కోడలు వెళ్ళి మంచం మీద ఆవిడ పక్కన కూర్చుంది. ఇలాంటప్పుడు ఓదార్పు మాటలు చెప్పేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట, అందుకని డబ్బా వైపు తిరిగాను.

సరిగ్గా అప్పుడే డబ్బా చప్పుడు చేసింది. టక్, టక్. వేలి కణుపుతో తలుపు మీద కొట్టినట్టు రెండు దెబ్బలు.

ఇన్‌స్పెక్టర్ ఉలిక్కిపడ్డాడు. “ఏమిటది?”

“పొద్దున్నుంచీ అట్లాగే కొడుతోంది,” అంది కోడలు. “కంపెనీ నుంచి కొత్త ఫర్మ్‌వేర్ వచ్చినట్టుంది. అంటే డబ్బా లోపలుండి దాన్ని నడిపించే ప్రోగ్రాం. అందరి ఇళ్ళలో అయితే అడక్కుండా అదే దిగిపోతుంది. అత్తయ్యకి అది నచ్చలేదు. మన ఇంట్లోకి ఎవరొచ్చినా తలుపు కొట్టి రావాలి కదా అన్నారు. ఆయన వారం రోజులు కూర్చుని ఈ డబ్బాకి మాత్రం అలా చేసిపెట్టారు. కొత్తది ఏదొచ్చినా తలుపు కొట్టి ఆగుతుంది. ముందున్న ఆ బొత్తం మీద ఇంట్లోవాళ్ళు వేలు పెడితేనే రానిస్తుంది. ఆయన వేలు, నా వేలు, అత్తయ్య వేలు. ఇంకెవరిదీ ఒప్పుకోదు.”

“పాస్‌వర్డు గుర్తుపెట్టుకోమంటే నావల్ల కాదన్నాను,” అంది పెద్దావిడ. “నా వేలు చాలదా అన్నాను.”

“ఇవన్నీ కంపెనీ డబ్బాల్లో లేవా?” అని అడిగాను.

“పెట్టాలని ఆయన ఒకటే పోరు. మీ అమ్మ కోసం చేస్తున్నామా, లోకం కోసం చేస్తున్నామా అని భాగస్వామి నవ్వేవాడు. మా అమ్మ వాడగలిగితే లోకమంతా వాడగలుగుతుందనేవారు ఈయన.” ఆమె మొహంలో ఒక్క క్షణం నవ్వులాంటిది వచ్చి పోయింది. “అన్నిటికన్నా అటక కోసం ఎక్కువ గొడవపడ్డారు.”

“అటకా?”

“ఒకసారి అత్తయ్య ఏదో నొక్కబోయి మామయ్య గొంతు ఉన్న రికార్డింగు చెరిపేశారు. మామయ్యది మిగిలిన గొంతు అదొక్కటే. మూడు రోజులు అన్నం ముట్టలేదీవిడ. ఆయన తంటాలు పడి ఎలాగో వెనక్కి తెచ్చారు. ఆ తర్వాత అత్తయ్య అడిగింది ఒకటే. పాత సామాను పారేసే ముందు కొన్నాళ్ళు అటక మీద పెడతాం కదా, దీనికీ ఒక అటక కట్టకూడదా అని. కట్టారు. ఈ డబ్బాలో ఎవరు ఏది చెరిపినా పోదు. నెల రోజులు అటక మీద ఉంటుంది. బయటినుంచి చూసేవాళ్ళకి మాత్రం పోయినట్టే కనిపిస్తుంది.”

ఇన్‌స్పెక్టర్ వైపు చూశాను. ఆయనకీ అర్థమైంది, మొహం బిగుసుకుంది. లేచినది నాలుగుసార్లు, మిగిలినవి రెండు. మిగతా రెంటినీ ఎవరైనా చెరిపి ఉంటే, అవి చెక్కుచెదరకుండా మా కళ్ళెదుటే, ఆ నల్ల డబ్బాలో ఉన్నాయి.

“అటక తెరవడం ఎలా?” అన్నాను.

కోడలు తల అడ్డంగా ఊపింది. “ఆయనే తెరిచేవారు. నేనెప్పుడూ అడగలేదు.”

ఉన్న తాళంచెవి మనిషితోపాటే పోయిందనుకున్నాను. ఆ నిరాశలో నేనొక పొరపాటు చేశాను. గదిలో ఇంకొకరిని అడగవలసింది, అడగలేదు.

డబ్బా లోపల చిన్నగా గుర్రుమంది.

“లేచింది,” అంది పెద్దావిడ. “ఎవరో వచ్చారు.”

వచ్చినవాడు ఇంజినీరు భాగస్వామి. నలభై లోపు వయసు, శుభ్రంగా గీసుకున్న గడ్డం, ఏడ్చి ఏడ్చి ఎర్రబడినట్టున్న కళ్ళు. “వదినా” అంటూ లోపలికి వచ్చి, మమ్మల్ని చూసి గుమ్మంలో ఒక్క అర నిమిషం తటపటాయించాడు. తర్వాత తిన్నగా వెళ్ళి పెద్దావిడ కాళ్ళ దగ్గర నేల మీద కూర్చున్నాడు.

“చిన్నోడా, నువ్వా?” అంది ఆవిడ. కాలేజీ రోజుల నుంచీ ఈ ఇంట్లో తిని తిరిగినవాడు. ఇంట్లో వాడి పేరే చిన్నోడు.

“నేనేనమ్మా. డబ్బా గోల చేస్తోంది కదూ? ఆఫీసులో చూశాను, ఇదొక్కటే కొత్త ప్రోగ్రాం తీసుకోలేదు. ఈ బాధలో మీకు ఆ చప్పుడు కూడా దేనికని నేనే వచ్చాను.”

“ఎన్ని ఇళ్ళలో ఉన్నాయి మీ డబ్బాలు?” అని అడిగాను.

“చాలా ఉన్నాయండీ. వేలల్లో.”

“అన్ని వేలల్లో ఒక్క డబ్బా కోసం యజమాని ఆఫీసు వదిలి వచ్చారా? మంచి కంపెనీ. నేనూ ఒకటి కొనుక్కుంటాను.”

ఇన్‌స్పెక్టర్ గొంతు సవరించుకున్నాడు. “మేడమ్, ఈయన మాకు సాయం చేసిన మనిషి. రికార్డులు పరీక్షించి రాసిచ్చింది ఈయనే.”

“ఆ సంగతే అడుగుదామనుకుంటున్నాను. సోమవారం మధ్యాహ్నం మీరెక్కడున్నారు?”

“ఆఫీసులో. నా గదిలో. తలుపేసుకుని ఫోన్ మాట్లాడుతున్నాను, మా కంపెనీని కొనాలనుకుంటున్నవాళ్ళతో.”

“కొంటే ఆయన కూడా సంతకం పెట్టాలి కదా?”

“పెట్టేవాడే.”

“పెట్టనన్నారు,” అంది భార్య మంచం మీద నుంచే. “నెల రోజులుగా ఆయనకి ఒకటే అనుమానం, మన డబ్బాలోకి ఎవరో వచ్చిపోతున్నారని. కంపెనీ ప్రోగ్రాంలోనే ఎవరో దొడ్డిదారి పెట్టారు, ఏ ఇంటి డబ్బాలోకైనా ఇంటివాళ్ళకి తెలియకుండా దూరచ్చు అన్నారు. మూసేదాకా దేని మీదా సంతకం పెట్టనన్నారు.”

“బాధలో ఉన్నావు వదినా, ఏదో అంటున్నావు,” అన్నాడతను మెత్తగా. “అలాంటి దారేదీ లేదు. ఇంట్లో ఉన్నవాళ్ళు తప్ప ఆ డబ్బాలోకి ఎవరూ రాలేరు. నేను కూడా రాలేను.”

“కచ్చితంగానా?” అన్నాను.

“ప్రమాణం చేసి చెబుతాను.”

“చెప్పండి, ఇన్‌స్పెక్టర్ గారు కూడా వింటున్నారు. ఈ ఇంటికి మీరు చివరిసారి ఎప్పుడొచ్చారు?”

“నెల దాటింది. మళ్ళీ బుధవారం, దహనానికి. అది కూడా శ్మశానానికే, ఇంట్లోకి రాలేదు.”

“మీరు పోలీసులకి రాసిచ్చింది మంగళవారం. అందులో ఏముందో ఇన్‌స్పెక్టర్ గారు నాకు నిన్న గొప్పగా చదివి వినిపించారు. ‘డబ్బాను పూర్తిగా పరీక్షించాను, సోమవారం మధ్యాహ్నం నుంచి భార్య ఇంటికి వచ్చేలోగా రికార్డులు రెండే ఉన్నాయి, ఏదీ చెరిపిన జాడ లేదు.’ ఇంటికి రాలేదు. ఇంట్లోవాళ్ళు తప్ప ఎవరూ డబ్బాలోకి వెళ్ళలేరు. మరి మంగళవారం ఎక్కడ కూర్చుని పరీక్షించారండీ?”

అతను ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగాడు. 

“ఇన్‌స్పెక్టర్ గారే నాకు కాపీ ఇచ్చారు.”

ఇన్‌స్పెక్టర్ కుర్చీలోంచి లేచాడు. ప్యాంటు మడత సంగతి మరిచిపోయాడు. “నేను ఇచ్చింది ఆ రెండు వీడియోలు. అంతే. డబ్బా ఈ అర మీద నుంచి కదల్లేదు. మీరు ఇంటికొచ్చి చూసి రాసిచ్చారనుకున్నాను.” ఆయన గొంతులో నాకెప్పుడూ వినపడని చప్పుడేదో ఉంది. సిగ్గు అనుకుంటాను. “ఎలా చూశారు?”

“అంటే, మామూలుగా ఇలాంటి కేసుల్లో... మా డబ్బా ఎలా పనిచేస్తుందో నాకు తెలుసు కాబట్టి...”

“చూడకుండా రాసిచ్చారా, లేక దొడ్డిదారిన వెళ్ళి చూశారా?” అన్నాను. “రెండింట్లో ఏదో ఒకటి చెప్పండి. మొదటిదైతే ఒక అమాయకుణ్ణి రేపు ఆ కాగితం మీదే కోర్టుకి పంపుతున్నారు. రెండోదైతే సోమవారం కూడా మీరు ఆ దారిన వెళ్ళి ఉండచ్చు.”

“ఉండచ్చు అంటే సరిపోతుందా?” అన్నాడతను. మెత్తదనం పోయింది. “ఇన్‌స్పెక్టర్ గారూ, నేను సోమవారం ఈ ఇంటికి వచ్చానని ఎవరైనా చూశారా? ఒక్క మనిషి? ఒక్క ఫొటో?”

ఇన్‌స్పెక్టర్ నా వైపు చూశాడు. డబ్బాలోకి రాగలిగేవాడని చూపించాను. ఇంట్లోకి వచ్చాడని చూపించలేను. ఆ తేడా మీద రేపు ఏ వకీలైనా నన్ను ఎండలో నిలబెడతాడు.

టక్, టక్, అంది డబ్బా.

“ఈ గోల ముందు ఆపుదాం,” అని అతను మోకాళ్ళ మీద లేచాడు. “అమ్మా, ఒక్కసారి వేలు పెట్టు. కొత్త ప్రోగ్రాం దిగిపోతుంది. పాతవన్నీ శుభ్రంగా తుడిచేసి మొదటి నుంచి మొదలుపెడుతుంది. వాడు దీంట్లో ఏవేవో అడ్డదిడ్డంగా పెట్టి పాడుచేశాడు. అందుకే ఇన్ని చప్పుళ్ళు.”

పాతవన్నీ తుడిచేసి. అటక వద్దని గొడవపడ్డాడు కానీ, ఈ డబ్బాలో అది అప్పటికే కట్టి ఉందని అతనికి తెలిసినట్టు లేదు. తెలియకపోయినా, ఈ డబ్బా మిగతా డబ్బాల్లాంటిది కాదని ఈ ఉదయం పసిగట్టాడు. లోపల ఏముందో తెలియనిదాన్ని మొత్తంగా కడిగేద్దామని వచ్చాడు.

“పెద్దమ్మా, వద్దు,” అన్నాను. “బొత్తం ముట్టుకోకండి.”

“అత్తయ్యా!” అని కోడలు ఆవిడ చెయ్యి పట్టుకుంది.

“ఎవరూ దేన్నీ ముట్టుకోకూడదు,” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

పెద్దావిడ కోడలి చేతిని మెల్లగా విడిపించుకుంది. “అందరూ ఒక్కసారే అరిస్తే నాకేం వినపడుతుంది? చిన్నోడా, ఇలా రా. నీ చెయ్యివ్వు.”

అతను ఇచ్చాడు. ఆవిడ ఎడమచేత్తో దాన్ని పట్టుకుని, వేళ్ళు ఒక్కొక్కటే తడిమి చూసింది.

“ఇంత చల్లగా ఉందేంరా చెయ్యి?”

“ఏం లేదమ్మా. వాడు పోయిన దగ్గర్నుంచీ నిద్ర లేదు.”

“మీ ఇద్దరికీ ఈ మంచం మీదే పక్కపక్కన కూర్చోబెట్టి ముద్దలు కలిపి పెట్టాను. వాడికో ముద్ద, నీకో ముద్ద. ఎవరికీ ఎక్కువ తక్కువ చెయ్యలేదు. నిజం చెప్పు. సోమవారం నువ్వు వచ్చావా?”

“లేదమ్మా. నీ మీద ఒట్టు.”

పొర కమ్మిన ఆ కళ్ళు ఎక్కడో గోడ మీద ఉన్నాయి.

“సరే,” అని కుడిచెయ్యి చాపి, అర అంచు తడుముకుంటూ వెళ్ళి, డబ్బా బొత్తం మీద వేలు పెట్టింది.

నేను ముందుకి దూకాను. అందలేదు. కోడలు చేతుల్లో మొహం దాచుకుంది. అతను పెద్దగా ఊపిరి వదలడం నేను విన్నాను. ఇరవై ఏళ్ళలో నాలుగు గోడౌన్ల సాక్ష్యం నా కళ్ళెదుటే తగలబడింది కానీ, ఏ మంటా ఇంత నిశ్శబ్దంగా లేదు.

“ఇక తియ్యమ్మా వేలు,” అన్నాడతను. “చాలు.”

ఆవిడ తియ్యలేదు.

“చాలమ్మా. ఒక్కసారి తగిలిస్తే చాలు.”

“తగిలించి తీస్తే తలుపు తీసినట్టు,” అంది ఆవిడ, చిన్నపిల్లవాడికి చెప్పినట్టు నెమ్మదిగా. “తియ్యకుండా ఉంచితే అటక తెరిచినట్టు. మా ఆయన గొంతు వినాలనిపించినప్పుడల్లా మా వాడు నా వేలే పెట్టించేవాడు. ‘నువ్వు అడిగావు కాబట్టి తాళంచెవి నీ దగ్గరే అమ్మా’ అనేవాడు. నాలుగు రోజుల నుంచీ ఇంత మంది వచ్చారు, పోయారు. నన్నెవరూ అడగలేదు.”

డబ్బా మీద, ఇంతదాకా వెలగని చోట, పసుప్పచ్చటి దీపం ఒకటి వెలిగింది. అతను చెయ్యి వెనక్కి లాక్కోబోయాడు. పెద్దావిడ ఎడమచెయ్యి వదల్లేదు. ఎముకలు తేలిన ఆ చేతిలో అంత పట్టు ఎక్కడిదో నాకు తెలియదు.

మంచం కాళ్ళ దగ్గర టీవీ దానంతట అదే వెలిగింది. అన్నిటికన్నా ఆఖరున అటకెక్కింది ముందుగా దిగుతుంది కాబోలు. గుమ్మం కనిపించింది. మెట్టు, కుండీలు, సోమవారం ఎండ. ఒక మనిషి లోపలినుంచి బయటికి వచ్చి, రుమాలుతో తలుపు పిడి తుడిచి, తల వంచుకుని గేటు వైపు వెళ్ళాడు. గీసుకున్న గడ్డం, అదే చొక్కా కాకపోయినా అవే భుజాలు. ఇన్‌స్పెక్టర్ టీవీ దగ్గరికి వెళ్ళి మూల ఉన్న అంకెలు పైకి చదివాడు. “నాలుగూ ముప్పై ఐదు.” తర్వాత ఎవరూ చెప్పకుండానే వెళ్ళి గది తలుపు మూసి, దానికి వీపు ఆనించి నిలబడ్డాడు. నా వైపు చూడలేదు. చూడనక్కర్లేదు, నాకు అర్థమైంది.

టీవీలో బొమ్మ ఒకసారి మిణుకుమని, రెండోది వచ్చింది. అదే గుమ్మం. అదే మనిషి ఈసారి ఎదురుగా నిలబడి, నేరుగా మా కళ్ళలోకి చూస్తూ ఉన్నాడు. బెల్ నొక్కడానికి చెయ్యెత్తాడు. మూల అంకెలు నాలుగు దాటాయి. బావమరిది అప్పటికే వెళ్ళిపోయాడు.

అప్పుడు ఇంటి లోపలినుంచి, మేడ మెట్ల మీద నుంచి, ఒక గొంతు వినిపించింది. బాగా తగ్గించి మాట్లాడిన, అలసిపోయిన గొంతు, కోపం ఇంకా పూర్తిగా తగ్గని గొంతు. బతికున్న మనిషి గొంతు.

“తలుపు తీసే ఉందిరా, పైకి వచ్చెయ్. బెల్ కొట్టకు, అమ్మ పడుకుంది.”

కోడలు నోటికి చీరచెంగు అడ్డం పెట్టుకుంది. నేల మీద కూర్చున్నవాడు తల ఎత్తలేదు. బొత్తం మీద వేలు, అతని చేతి మీద చెయ్యి, రెండూ అలాగే ఉంచి పెద్దావిడ మొహం ఆ గొంతు వచ్చిన వైపుకి తిప్పింది.

“పడుకోలేదు నాన్నా,” అంది. “మెలకువగానే ఉన్నాను.”